షుగర్‌ను గెలిచినవాడి కాలివేలు

నాకు షుగర్ లేదని పెద్దమందడి బస్‌స్టాండు దగ్గర నా ఫోటో వేసి ఫ్లెక్సీ కట్టారు. ఆ రోజు నాకు షుగర్ ఉంది. కట్టినవాళ్లు సరిగా చూడలేదు, చూడాలని కూడా అనుకోలేదు. ఆ ఫ్లెక్సీని నేను నమ్మాను, ఊరు నమ్మింది, నాకు కట్టు కట్టినవాడు కూడా నమ్మాడు. నా కుడికాలి బొటనవేలు పోయింది.

కోపం తగ్గాక రాయమని మా బిడ్డ సుజాత చెప్పింది. తగ్గేదాకా ఆగితే నేను ఉండను. నా కోపాలు అంత తొందరగా తగ్గేవి కావు. పలక లేదని నన్ను బడి అరుగు మీది నుంచి దింపిన పంతులు ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ తర్వాత చదువంతా నేనే నేర్చుకున్నాను, మోటార్ల మీది రేకు ముక్కలు చూసి, పొట్లాలు కట్టిన పేపర్లు చూసి. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టడం నా పని. ఊళ్లో నర్సింలు మేస్త్రి అంటే చిన్నపిల్లలు కూడా షాపు చూపిస్తారు. ఇక ఆ ఫ్లెక్సీ కట్టిన సంస్థ పేరు మాత్రం రాయను. రాస్తే అదీ ఒక ప్రచారమే అవుతుంది. వాళ్లకు ప్రచారం ఇప్పటికే ఎక్కువైంది.

పోయిన ఏడాది దసరా అయిపోయి పత్తి తీసే రోజులు. గద్వాలలో ఆఫీసు పెట్టుకున్న ఆ సంస్థ ఒక ప్రైవేటు క్లినిక్‌తో కలిసి మా ఊరి కమ్యూనిటీ హాలులో క్యాంపు పెట్టింది. షుగర్ రాకముందే ఆపుదాం అని బ్యానరు. పరగడుపున రావాలని ముందురోజంతా ఆటోలో మైకు తిరిగింది. పరగడుపు అంటే మా దగ్గర తిండి తినకుండా అని అర్థం. చాయ్ తిండి కిందికి రాదు. పొద్దున లేచి చాయ్ తాగకుండా బయటికి వచ్చిన మనిషిని మా ఊళ్లో జ్వరం వచ్చిందా అని అడుగుతారు. నేను, నా దోస్తు దర్జీ ఖాజా మియా, హాలు ముందరి బండి దగ్గర చక్కెర దండిగా వేసిన చాయ్ తాగి మూతి తుడుచుకొని లోపలికి పోయాం.

"ఏమన్న తిన్నరా?" అని అడిగింది వేలికి సూది గుచ్చే అమ్మాయి.

"అల్లా కసమ్, పచ్చి మంచినీళ్లు ముట్టలే బిడ్డా. ఒక్క చాయ్ తప్ప" అన్నాడు ఖాజా.

ఆ అమ్మాయి నవ్వి గుచ్చింది. రాసుకుంది. ఆ చాయ్ సంగతి ఎక్కడా రాయలేదు.

మిషన్ చూసి నాతో మాట్లాడినవాడు ప్రవీణ్. ఆ కార్యక్రమం మా మండలంలో నడిపించే కోఆర్డినేటర్. చక్కటి కుర్రాడు, టక్కు చేసుకొని, మెడలో కార్డు వేసుకొని ఉంటాడు. "తాతా, నువ్వు అంచున ఉన్నవ్. ఇంకా పడలే. మాతోని ఉంటే ఎండాకాలం లోపల వెనక్కి గుంజుతం" అన్నాడు.

మా అన్న షుగర్‌తోనే పోయాడు. అతని కాలు మోకాలి దాకా తీశారు. తీసేసిన తర్వాత కూడా, లేని పాదం దురద పెడుతోంది గోకండిరా అని ఏడ్చేవాడు. గోకడానికి ఏమీ లేక నేను మంచం కోడు గోకేవాణ్ని, ఆ చప్పుడుకు అతనికి నిద్ర పట్టేది. ఆ మంచం నా కళ్ల ముందు కదిలింది. పేరు రాసుకోమన్నాను. ఖాజా కూడా రాయించుకున్నాడు.

చలికాలమంతా వారం వారం క్లాసులు జరిగాయి. ఒకటి ఒప్పుకోవాలి. వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నడవమన్నారు, నడిచాం. స్కూలు గ్రౌండు చుట్టూ మా బ్యాచంతా పొద్దున్నే తిరుగుతుంటే పిల్లలు గోడెక్కి చప్పట్లు కొట్టేవారు. ఖాజా మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చేవాడు. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నారు. ఇక్కడ మాత్రం మా వాళ్లు మా వాళ్లలాగే చేశారు. రొట్టెలు తిన్నారు, తిన్నాక ఎప్పటిలాగే అన్నం కూడా తిన్నారు. మజ్జిగ బువ్వ పడకపోతే భోజనం అయినట్టు కాదు మాకు.

ఒకరోజు తిండి గురించి చెప్పే మేడమ్ స్టీలు పళ్లెం మీద సుద్దతో గీత గీసి, సగం పళ్లెం కూరగాయలే ఉండాలి అంది. నా భార్య బుచ్చమ్మ లేచి నిలబడింది.

"సగం పళ్లెం కూరనా? మా ఇంట్ల కూర అంచుకు ఏసుకుంటం మేడమ్. సగం పళ్లెం ఏస్తే అది తినుడు కాదు, బర్రెకు మేత ఏసుడు."

హాలంతా నవ్వింది, మేడమ్ కూడా నవ్వింది. కానీ ఇంటికొచ్చి బుచ్చమ్మ ఆ గీత ప్రకారమే వడ్డించింది. నాకు బరువు తగ్గింది, ఆయాసం తగ్గింది. ఆ సంగతి ఇప్పుడు కూడా దాచను. నేర్పింది సరిగానే నేర్పారు. కొలిచేటప్పుడు దొంగ కొలత కొలిచారు.

శివరాత్రి ఇంకా రాలేదు. చివరి క్లాసు. ప్రవీణ్ మమ్మల్నందర్నీ దగ్గరికి పిలిచాడు.

"ఎల్లుండి ఆఖరి పరీక్ష. పెద్దసారు గద్వాల నుంచి వస్తుండు. మన ఊరి ఇజ్జత్ సవాల్. రేపు, ఎల్లుండి పరీక్షయ్యేదాంక ఒక్కపొద్దు ఉండాలె. అది కూడ బువ్వ గాదు, ఇన్ని పెసర్లు ఉడికించుకోండ్రి. చాయ్ బంద్. ఖాజా సాబ్, మీరు రోజా అనుకోండి."

"రోజాల పొద్దుమీకి ఇఫ్తార్ ఉంటది కోఆర్డినేటర్ సాబ్. నీ రోజాల ఏముంటది?"

"శాలువా ఉంటది!" అన్నాడు ప్రవీణ్.

ఇక్కడ చదివేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఒక్కపొద్దు మాకు కష్టం కాదు. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, పంట వేసేముందు ఒకటి, బోరు పడాలని ఒకటి. ఒంటిపూట తిని ఉండమంటే మా ఆడవాళ్లు ఎందుకని కూడా అడగరు. దేవుడి దగ్గరికి పోయేముందు కడుపు శుభ్రంగా పెట్టుకున్నట్టే పరీక్ష దగ్గరికి పోయేముందూ పెట్టుకోవాలేమో అనుకున్నాం. దాన్ని మోసమని ఒక్కరమూ అనుకోలేదు. భక్తి అనుకున్నాం. కొందరు ఇంకో పూట కూడా మానేశారు, ఎక్కువ పుణ్యం వస్తుందన్నట్టు. మా అలవాటు ప్రవీణ్‌కు తెలుసు. వాళ్లది కూడా ఇక్కడి ఊరే, వాళ్లమ్మా ఉంటుంది ఒక్కపొద్దు.

మొదటి పరీక్షకు తియ్యటి చాయ్ తాగి పోయాం. చివరి పరీక్షకు కడుపు ఎండగట్టుకొని పోయాం. మధ్యలో తేడా రాకపోతే ఎట్లా? నీళ్లు ఎత్తకుండా ఖాళీగా తిప్పితే కాలిపోబోయే మోటారు కూడా హాయిగా తిరుగుతుంది.

నార్మల్ అన్నారు. చప్పట్లు కొట్టారు. ఖాజాకూ నార్మలే, మా బ్యాచులో దాదాపు అందరికీ నార్మలే. పెద్దసారు శాలువాలు కప్పాడు. అందరిలో పెద్దవాణ్ని, తెల్లమీసాలు నిండుగా ఉన్నవాణ్ని నేనే కాబట్టి నా చేతిలో జొన్నరొట్టె పెట్టి ఫోటో తీశారు. వారం తిరక్కుండా ఆ ఫోటో బస్‌స్టాండు దగ్గర, లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీల పక్కన లేచింది. షుగర్‌ను గెలిచిన నర్సింలు గారు, మీరూ గెలవండి అని పైన అక్షరాలు. కింద నేను రొట్టెను డాలులాగా పట్టుకొని.

బుచ్చమ్మ ఉప్పు, మిరపకాయలు కొంగులో కట్టుకొని బస్‌స్టాండుకు పోయి ఫ్లెక్సీకి దిష్టి తీసింది. ఆ మిరపకాయల పొగకు కర్నూలు బస్సు కోసం నిలబడ్డవాళ్లు అంతా దగ్గారు.

మిరుగు వచ్చింది. వానలు మొదలవుతాయంటే రైతులు బోర్లు సరిచేసుకుంటారు, నాకు చేతినిండా పని. గోనెసంచి మీద కూర్చొని కాళ్లు చాపుకొని తీగ చుడతాను. చెప్పులు వేసుకొని ఎప్పుడూ కూర్చోలేదు. ఒకరోజు ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటున్నాను.

"ఏమయ్యో, జర ఆడనే ఆగు. ఇల్లంత నెత్తురు అడుగులేంది?" అంది బుచ్చమ్మ.

"ఎవరివి?"

"ఎవరివి అంటవేంది? నీవే!"

కాలు ఎత్తి చూస్తే బొటనవేలి అడుగున రాగితీగ ముక్క దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. షాపు నుంచి ఇంటిదాకా దానిమీదే నడిచాను. చురుక్కుమనలేదు, మంట లేదు. నొప్పి లేదు కదా చిన్నదే అనుకున్నాను. నొప్పి తెలియకపోవడమే జబ్బు అని నాకు ఆ హాలులో ఎవరూ చెప్పలేదు. నా చెప్పులు విప్పించి పాదం చూసినవాడు ఒక్కడు లేడు. వేలికి గుచ్చారు, ఫోటో తీశారు, అంతే.

ఊళ్లో కట్లు కట్టే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. తీగ తీసి, మందు పెట్టి, అలవాటు ప్రకారం అడిగాడు. "షుగర్ ఏమన్న ఉందా పెద్దాయనా?" అడిగి తానే పకపకా నవ్వాడు. "నిన్ను అడుగుడేంది, బస్‌స్టాండ్ల నీ బొమ్మనే ఉండె గద!"

నేనూ నవ్వాను. కాస్త గర్వంగా కూడా నవ్వాను.

తర్వాత రోజులు గుర్తు చేసుకుంటే ఒళ్లు మండుతుంది. కట్టు మారుస్తూ పోయాడు, మానుతది మానుతది అంటూ పోయాడు. వేలు ఉబ్బింది. రంగు మారింది. ఒకరోజు ఇంట్లో ఏదో చచ్చిన వాసన వస్తోందని బుచ్చమ్మ బియ్యం డబ్బాల వెనక ఎలుక కోసం వెతికింది. మంచం కింద వెతికింది. వెతికి వెతికి నా కాలి దగ్గర ఆగిపోయింది. నా ముఖం చూడకుండా లేచిపోయి సుజాతకు ఫోన్ చేసింది.

సుజాత నాగర్‌కర్నూలు నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. వచ్చీరాగానే తల్లి మీద పడింది.

"నీకు ముక్కు లేదా అమ్మా? ఇన్ని దినాలు ఏం చేస్తున్నవ్? బువ్వ పెట్టినవా మళ్ల?"

"గీత గీసి పెట్టిన్నే! ఆ మేడమ్ గీసినట్టే గీసి పెట్టిన! ఆ బొమ్మకు నరదిష్టి తగిలింది, నేనేం చేద్దు?"

"దిష్టి కాదు, తలకాయ! షుగర్ చూపించినవా?"

"లేదన్న షుగర్ ఎట్ల చూపిస్తం?" అని నేనే అరిచాను.

తల్లీబిడ్డలు ఆటోలో నాకు చెరోపక్క కూర్చొని వనపర్తి దాకా మాట్లాడుకోలేదు. ఆ మౌనం కూడా నేను ఆ సంస్థ లెక్కలోనే రాసుకున్నాను. పెళ్లయినప్పటి నుంచి తల్లిని ఒక్క మాట అనని పిల్ల అది.

వనపర్తి దవాఖానలో చీటీ తీసుకొని బెంచీ మీద కూర్చున్నాం. నా పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరు లేచి దూరంగా పోయి నిలబడ్డారు. నా కాలి వాసనకు. కొంగు అడ్డం పెట్టుకొని లేచారు. జీవితంలో అంత సిగ్గు నేను పడలేదు. బెంచీ మొత్తం మాదే అయింది.

డాక్టరు పరీక్షలు చేయించి కాగితాలు చూశాడు. మూడు నెలల షుగర్ ఎట్లా ఉందో ఒక్క రక్తపు పరీక్షలోనే తెలుస్తుందట. ముందురోజు ఉపవాసం ఉన్నా, పెళ్లిభోజనం చేసినా దాన్ని ఏమార్చలేమట.

"షుగర్ ఎన్నేండ్ల నుంచి ఉంది?"

"నాకు షుగర్ లేదు సార్."

"ఎవరు చెప్పిన్రు లేదని?"

"ఫ్లెక్సీ ఉంది సార్" అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టాడు. ఫోన్‌లో సుజాత చూపించిన నా ఫోటో చూశాడు, రొట్టెతో ఉన్నది. క్యాంపులో నన్ను అంచున ఉన్నావన్న సంగతీ విన్నాడు. నవ్వలేదు. "ఇది మొన్నటిది కాదు పెద్దాయనా. కాళ్లు మొద్దుబారినయంటే ఏండ్ల సంది ఉంది. నువ్వు అంచు మీద ఎప్పుడు లేవు. ఆ క్యాంపుల్నే నిన్ను మాకాడికి తోలాల్సుండె" అన్నాడు.

వేలు తీశారు. మోకాలి దాకా పోకుండా ఆగింది. నాకు మా అన్న మంచం కనిపిస్తూనే ఉంది.

వార్డులో ఉన్న రోజుల్లో ఒక మనిషి గురించి మాత్రం చల్లగా రాస్తాను. లింగాల నుంచి వచ్చిన ఈశ్వరమ్మ. పక్క మంచంలో ఉన్న భర్తకు తోడుగా ఉండేది. కట్టు మార్చేటప్పుడు నేను నా కాలు చూడలేక తల తిప్పుకుంటే, వచ్చి ఎదురుగా నిలబడి తన బర్రె కథ చెప్పేది. ఆ బర్రె పాలు పితికేటప్పుడు ఆమె పాట పాడకపోతే తన్నేదట. "నా పెనిమిటి పాడితే ఇంక గట్టిగ తన్నేది అన్నా. బర్రెకున్న తెలివి నాకు లేకపాయె, ఈనని చేసుకుంటి" అనేది. పక్క మంచంలో ఆయన మూలుగుతూనే నవ్వేవాడు. నర్సు పని అయిపోయేది. ఆమెకు నేనెవరో తెలియదు, మళ్లీ చూస్తానో లేదో. నా ముందర నవ్వుతూ నిలబడ్డది, ముక్కు మూసుకోకుండా.

మిగతా సమయమంతా నేను ఒక్కటే పని చేశాను. పైకప్పు చూస్తూ పగ నూరాను. ప్రవీణ్‌ను, ఆ పెద్దసారును తెచ్చి ఆ డ్రెస్సింగ్ బల్ల పక్కన నిలబెట్టాలి. వాసన చూపించాలి. బెంచీ మీది జనం లేచిపోయినప్పుడు నా పక్కన కూర్చోబెట్టాలి. ఇవే నా జపాలు. దేవుణ్ని తలుచుకొని లేచిన రోగులు ఉంటారు. నేను వాళ్లిద్దర్ని తలుచుకొని లేచాను.

కానీ వార్డులోనే ఇంకో భయం కూడా పట్టుకుంది. నా వేలు పోయింది సరే. నాతోపాటు శాలువా కప్పించుకున్నవాళ్లు? వాళ్లలో ఎంతమంది నాలాగే నార్మల్ అనుకొని ఊళ్లో తిరుగుతున్నారు? వాళ్లందర్నీ మళ్లీ పిలిచి ఈ మూడు నెలల పరీక్ష చేయించాలి. నేను బతికుండగా చేయించాలి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను అడుగుతున్నది ఇదే.

వినాయక చవితి అయ్యాక నడవగలిగాను. చేతికర్ర పట్టుకొని మొదట పోయింది బస్‌స్టాండుకు. ఫ్లెక్సీ ఎండకు కొంచెం వెలిసింది, నా మీసాలు నీలంగా అయ్యాయి. అయినా గెలుస్తూనే ఉన్నాను. మర్నాడు సంత. చాయ్ బండివాణ్ని ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి, సరిగ్గా నా ఫోటో కింద వేసుకొని, కుడికాలు ఇంకో స్టూలు మీద పెట్టి కట్టు విప్పి కూర్చున్నాను.

సంతకు వచ్చినవాళ్లు పైకి చూశారు, కిందికి చూశారు.

"గిదేంది మేస్త్రీ?"

"పైన గెలిచినోడు. కింద ఓడినోడు. ఇద్దరూ నేనే. నీకు షుగర్ ఉందో లేదో మూడు నెలల పరీక్ష చేయించుకో, బొమ్మను నమ్మకు."

ఉల్లిగడ్డలు అమ్మే ఆమె తన బుట్ట నా పక్కనే దింపుకుంది. నన్ను చూడటానికి వచ్చినవాళ్లు ఆమె దగ్గర ఉల్లిగడ్డలు కొన్నారు. "రోజు కూసో అన్నా" అంది.

సంత సగంలో ప్రవీణ్ బండి మీద ఉరికి వచ్చాడు. ఎవరో ఫోటో తీసి పంపించారట.

"తాతా, ఏంది గిది? జర లెవ్వు. ఇజ్జత్ పోతుంది."

"ఎవరిది?"

"ఏమన్న కావాలంటే చెప్పు, కూసొని మాట్లాడుకుందాం."

"నా వేలు కావాలె."

అతను చుట్టూ చూశాడు. "తర్వాత నువ్వే తిండి తప్పినవ్ గావచ్చు. మేం చెప్పినట్టు ఉంటే గిట్ల కాకపోవు."

"ఏండ్ల సంది ఉందన్నడు డాక్టరు. అంచున ఉన్నవ్ అని నువ్వన్ననాడే నేను బాయిల ఉన్న. ఒక్కపొద్దు ఎందుకు ఉంచినవ్ మమ్ముల్ని?"

ప్రవీణ్ నా ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "అన్ని ఊర్లల్ల గట్లనే ఉంచుతం తాతా. పైనుంచి గట్లనే చెప్తరు. తగ్గినట్టు చూపెట్టకపోతే వచ్చే ఏడు ప్రోగ్రామే ఉండదు, నా నౌకరీ ఉండదు. నేను చేసింది తప్పే. నన్నేం చేయమంటవ్?"

నా కాలు చూశాడు. చూడలేక తల తిప్పుకున్నాడు. నేను మంచంలో కన్న కల అదే. కల తీరితే కడుపు నిండుతుందనుకున్నాను. నిండలేదు. పైగా ఇంకా ఆకలి పెరిగింది, ఈసారి ఆ పెద్దసారు మీదికి.

"మా బ్యాచోళ్లందర్ని మళ్ల పిలిపించు. సరైన పరీక్ష చేయించు. ఇదే జాగల, ఇంతే పెద్ద అక్షరాలల్ల తప్పైందని రాయించు. అప్పుడు లేస్త."

"అది నా చేతుల లేదు తాతా. గద్వాల ఆఫీసుల చెప్పాలె."

అయితే గద్వాలకే పోతానన్నాను. పోయేముందు ఖాజాను మూడు నెలల పరీక్షకు ఒప్పించాలి. అతను ఒప్పుకోడు.

"భాయ్, నీది ఖరాబైంది, నాది ఎందుకు ఖరాబు చేస్తవ్? నాకు నార్మల్ అన్నరు, శాలువా కప్పిన్రు. ఆ శాలువాతోని నా మనవరాలికి ఫ్రాకు కూడ కుట్టిన."

"నువ్వు రోజుకు ఎన్ని చెంబుల నీళ్లు తాగుతున్నవ్ ఖాజా?"

"ఎండ కొడుతుంది, తాగుత. దానికి గూడ పరీక్ష ఉందా?"

దసరా ముందర పని ఎక్కువ. ఒకాయన కొత్త ప్యాంటు తీసుకొని ఖాజా షాపుకు గొడవకు వచ్చాడు. నల్ల ప్యాంటు కాళ్లకు ముదురు ఆకుపచ్చ దారంతో కుట్టాడు ఖాజా. వెలుతురులో పట్టుకొని చూపించినా అతనికి తేడా తెలియలేదు. "నల్లదే గదా" అన్నాడు. జనం నవ్వారు. ఖాజా నవ్వలేదు. మనిషి పుట్టిబుద్ధెరిగి దారం రంగు తప్పలేదు. జనం పోయాక షట్టరు సగం దించి, "ఎప్పుడు పోదాం వనపర్తికి?" అన్నాడు.

పోయాం. అతని మూడు నెలల షుగర్ నాదానికంటే ఎక్కువ ఉంది. కళ్లలో నరాలకు కూడా తగిలిందని, ఆలస్యం చేయకుండా వచ్చారు కాబట్టి కాపాడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో ఖాజా అడిగాడు. "అయితే పండుగకు షీర్ ఖుర్మా బంద్ అన్నట్టేనా?"

"చెంచాడు తాగు."

"చెంచాడు తాగేటోడు తాగకపోతేనే మంచిది."

ఇప్పుడు గోళీలు వేసుకుంటున్నాం ఇద్దరమూ. పొద్దున్నే నడుస్తున్నాం, అతను ముందు, నేను కర్రతో వెనక. ఇది చదివి, వాళ్లు దొంగలు కాబట్టి వాళ్లు చెప్పిన నడక కూడా దొంగదే అని ఎవరైనా అనుకుంటే నా మీద ఒట్టు. నడవండి. బువ్వ తగ్గించండి. కానీ ఎవరైనా పరీక్షకు ముందు ఉపవాసాలు ఉండమని నేర్పితే, అక్కడి నుంచి లేచి సర్కారు దవాఖానకు పోయి మూడు నెలల పరీక్ష అడగండి. రోజూ పడుకునేముందు పాదం అడుగు చూసుకోండి. మీకు వంగరాకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. బుచ్చమ్మ రోజూ చూస్తుంది. దీపానికి దణ్ణం పెట్టుకొని, ఆ వెంటనే నా కాలు పట్టుకొని చూస్తుంది. ఏ దేవుడికి మొక్కుతున్నావే అని నేను, నీకు మాత్రం కాదులే అని ఆమె.

చలి మొదలయ్యాక నేనూ ఖాజా కలిసి గద్వాలకు పోయాం. ఆఫీసు చల్లగా ఉంది. గోడల నిండా గెలిచినవాళ్ల ఫోటోలు. నాకు తెలియని ముఖాలు, నాలాంటి మీసాలు, ఒకామె చేతిలో ఆకుకూర కట్ట. వీళ్లలో ఎంతమంది కాళ్లు మొద్దుబారాయో అనుకుంటూ ఒక్కొక్క ముఖం చూశాను. పెద్దసారు మీటింగులో ఉన్నాడన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి మర్యాదగా చక్కెర చాయ్, క్రీమ్ బిస్కెట్లు తెచ్చి పెట్టారు.

ఖాజా ఆ పళ్లెం వైపు చూసి నా చెవిలో అన్నాడు. "భాయ్, తిందామా? ఈడ తింటే నార్మలే వస్తది."

నవ్వు ఆపుకోలేక దగ్గాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పెద్దసారు వెనక తలుపు నుంచి వెళ్లిపోయాడని అటెండరు చెప్పాడు. బయట ఉన్న మేడమ్‌కు నేను సొంతంగా రాసిన ఫిర్యాదు ఇచ్చాను. అందులో మూడే మాటలు. మా బ్యాచు అందరికీ మళ్లీ పరీక్ష చేయించండి. తప్పు జరిగిందని ఆ జాగాలోనే రాయండి. పరీక్షకు ముందు ఒక్కపొద్దు ఉంచడం మానండి. రుజువుగా నా పరీక్ష కాగితం, ఖాజా పరీక్ష కాగితం రెండూ కలిపి కుట్టాను. పైన పేర్లు ఇద్దరివీ పెద్దగా రాశాను. ఆమె నవ్వుతూ తీసుకొని ముద్ర వేసింది. తప్పకుండా జవాబు వస్తుంది నాన్నగారూ అంది.

మేము ఊరికే కూర్చోలేదు. జవాబు వచ్చేలోపల మా బ్యాచువాళ్ల ఇళ్లకు ఇద్దరమూ తిరిగాం. కొందరు వనపర్తికి వచ్చి చూపించుకున్నారు. కొందరు, గద్వాలోళ్లు పిలిస్తే వస్తం, నువ్వెవరివి చెప్పనీకె, అన్నారు. ఫ్లెక్సీ ఉన్నంతకాలం నా మాట కంటే నా బొమ్మ మాటకే విలువ ఎక్కువ. అందుకే ఆ జవాబు కోసం ఎదురుచూశాను. పిలుస్తామని ఒక్క మాట వాళ్ల నోటి నుంచి వస్తే మిగతావాళ్లు కదులుతారు.

నిన్న పోస్టులో వచ్చింది. ఖాజా షాపులోనే విప్పాను. అతను మిషన్ ఆపి, కళ్లద్దాలు తీసి, చదువు అన్నాడు. గట్టిగా చదివాను. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ దించుతున్నాను.

"గౌరవనీయులైన శ్రీ నర్సింలు గారికి నమస్కారములు. మీరు సమర్పించిన ఫిర్యాదును, దానితో జతపరచిన పత్రములను మా సంస్థ క్షుణ్ణంగా పరిశీలించినది. మీకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము. మీ మనోభావములను గౌరవిస్తూ, పెద్దమందడి బస్‌స్టాండు వద్ద గల ఫ్లెక్సీ నుండి మీ ఫోటోను తొలగించడమైనది. అదే స్థానంలో, మీతో పాటు కార్యక్రమమును విజయవంతంగా పూర్తి చేసి షుగర్‌ను జయించిన శ్రీ ఖాజా మియా గారి ఫోటోను ఏర్పాటు చేయడమైనది. మీ సమస్య పూర్తిగా పరిష్కరింపబడినందున ఫిర్యాదును ఇంతటితో ముగించడమైనదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."